పెసర మొలకయు భీమవరపు నీలిరంగును



మాఘమాసమున అంతర్వేదిలో జరుగు శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణమునకు పడమటి గోదావరినుండి వచ్చు యాత్రికులు నరసాపురపు రేవున వశిష్ఠను దాటి సఖినేటిపల్లి యొడ్డున దిగుట పరిపాటి. ఆ నరసాపురమునకు ఆవల రెండామడల పైచిలుకు దూరమున భీమవరము కలదు. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఆ యూర జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీలో పలువురు వినియేయుందురు. బోదకాలు జబ్బునకు వాడు హెట్రజాను మందు 1947లో ఆయన పర్యవేక్షణలోని పరిశోధనాలయమునుండి వెలువడినది. కోనసీమలో బోదకాలు చూడని పల్లె లేదు గనుక, ఆ మందు మూలముగనే ఆయనను మనవారు స్మరించుచుందురు. నేను నేడు చెప్పదలచినది ఆ మందునుగూర్చి కాదు. అంతకు ఇరువదిరెండు సంవత్సరములు ముందుగా ఆయన సిద్ధపరచిన యొక కొలతనుగూర్చియు, ఆ కొలతతో మొక్కల ప్రాణశక్తి లెక్కకు వచ్చిన విధమునుగూర్చియు చెప్పుదును.

విత్తనము నానినంతనే దానిలో ఒక వేడి పుట్టుచున్నది. మండెగట్టిన విత్తనపు వడ్లలో చేయి పెట్టి చూచిన రైతున కీ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గింజలో దాచిన పిండిపదార్థమును గాలిలోని ప్రాణవాయువుతో మెల్లగ దహించి, ఆ దహనమువలన వచ్చు శక్తిని మొలక తన పెరుగుదలకు వాడుకొనును. పొయ్యిలో మంట ఒక్కసారిగ లేచును; జీవకణములో మంట లేదు, పొగ లేదు, మెట్టుమెట్టుగ దిగు దహనము మాత్రమే కలదు. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఎంజైము కలదు. ఎంజైమనగా తాను తరిగిపోక, ఇతర పదార్థములను మార్చు మాంసకృత్తు. పాలను పెరుగుగ మార్చు తోడులోని సూక్ష్మజీవులు పనిచేయుటయు తమలోని ఎంజైముల బలముచేతనే.

ఈ దహనము కణములో ఎల్లయెడల జరుగదు. దానికి ప్రత్యేకమైన గదులు కలవు. వానికి 1898లో కార్లు బెండా అను జర్మను శాస్త్రజ్ఞుడు మైటోకాండ్రియా యని పేరిడెను. గ్రీకు భాషలో దారము, గింజ అను రెండు మాటల కలయిక యిది. సూక్ష్మదర్శనిలో అవి యొకప్పుడు దారపు పోగులవలెను, ఒకప్పుడు నలుసులవలెను కనబడుట యిందుకు కారణము. ఒకదాని అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు అటునిటుగా నుండును. మొదట ఇవి జంతుకణములలోనే కనబడినవి. మొక్కలలోను కలవని 1904లో చూపినవాడు ఫ్రీడ్రిఖ్ మేవెస్. ఆయన పరీక్షించిన మొక్క మన చెరువులలో పూయు కలువల జాతిలోనిదే; తెల్లకలువ పుప్పొడితిత్తి లోపొరలోని కణములలో ఆయన వానిని చూచెను.

చూచుట వేరు, పట్టుకొనుట వేరు. కణమును చితుకగొట్టి ఈ నలుసులను మాత్రము చెడకుండ వెలికితీసిననే గదా, అవి చేయు పని యెంతో తూచుటకు వీలగును! ఇచ్చట నలువది యేండ్లకు పైగ చిక్కు తెగలేదు. అంతర్వేదివారి కీ చిక్కును తేటపరచుట సులభము. మంచినీటి చేపను సముద్రపు పోటులో విడిచిన నేమగునో, ఉప్పునీటి చేపను మంచినీటిలో విడిచిన నేమగునో మీకు తెలియును. మైటోకాండ్రియా సున్నితము అంతకన్న నెక్కువ. వట్టి నీటిలో వేసిన నీరు లోనికి చొచ్చి ఉబ్బి పగిలిపోవును. 1934లో అమెరికాలో బెన్‌స్లీ, హోయెర్ అనువారు ఉప్పునీటితో పంది యెలుక కాలేయమునుండి వానిని వేరుపరచిరి గాని, ఉప్పునీటిలో అవి ముద్దలు గట్టి ఆకారము చెడుచుండెను. పదునాలుగేండ్ల పిమ్మట, 1948లో, న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో హోజ్‌బూమ్, ష్నైడర్, పలాడి అను ముగ్గురు దీనికి చేసిన ఉపాయము విన్నచో మీకు నవ్వు రావచ్చును. ఉప్పునకు బదులు పంచదార వేసిరి. లీటరు ద్రావణమునకు ఇంచుమించు 300 గ్రాముల పంచదార. ఆ పాకములో ఎలుక కాలేయపు మైటోకాండ్రియా దారపు ఆకారము చెడక నిలిచెను. ఊరగాయ పెట్టునప్పుడు ఉప్పుపాళ్లు, బెల్లపుపాళ్లు ఎరిగిన మన ఇల్లాండ్రకు ఈ ఉపాయములో వింత తోపదేమో!

అదే సంవత్సరమున, మరుసటి సంవత్సరమునను షికాగోలో కెనడీ, లెనింజర్ అనువారు దహనపు ముఖ్యకార్యమంతయు ఈ నలుసులలోనే జరుగునని నిరూపించిరి. కాని అది జంతువుల కాలేయపు సంగతి. కాలేయము మెత్తని పదార్థము. మొక్క అట్టిది కాదు. మొక్క కణముచుట్టు గట్టి గోడ కలదు. దానిని పగులగొట్టు బలముతో నూరిన, లోని నలుసులును నలిగిపోవును. కణము నడుమ పెద్ద తిత్తిలో పులుసు నిలువయుండును. గోడ పగిలినంతనే ఆ యామ్లము మైటోకాండ్రియాపై పడి చంపును. అరటిపువ్వు తరిగినను, వంకాయ కోసినను నల్లబడుటకు కారణమైన వగరు పదార్థములు మూడవ శత్రువు. నాలుగవది పిండిరేణువులు: త్రిప్పుయంత్రములో ఇవి యిసుకరాళ్లవలె దిగుచు దారిలోనున్న పొరలను చీల్చును. ఇన్ని గండములు దాటించగల మొక్క యేది?

ఆ మొక్క మన పెసర. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రమున పాసడీనా నగరములోని సాంకేతిక విద్యాసంస్థలో అడిలీ మిల్లర్డ్, జేమ్స్ బానర్, బెర్నార్డ్ ఆక్సెల్‌రాడ్, రాబర్ట్ బండర్‌స్కీ అను నలువురు పెసరమొలకలనుండి పనిచేయు మైటోకాండ్రియాను తీసి, అవి ప్రాణవాయువును పుచ్చుకొనుచు, ఆ శక్తితో ఫాస్ఫేటును బంధించుచున్నవని ప్రకటించిరి. పెసలనే ఏల యెన్నుకొనిరన్నచో, చీకటిలో నాలుగైదు దినములు మొలిపించిన పెసరకాడ తెల్లగ, మెత్తగ, నీరుకలిగి యుండును; ఆకుపచ్చ పదార్థము ఏర్పడదు; వగరు తక్కువ; పప్పుబద్దలను త్రుంచివేసిన పిండియు నంతగా నుండదు.

ఆ పని జరుగు తీరును కొంచెము వివరముగ చెప్పుదును. అందులో మన వంటింటికి పరాయిదైన క్రియ మిక్కిలి తక్కువ. పెసలను కడిగి, నానబెట్టి, చీకటిగదిలో తడిబట్టపై మొలిపింతురు. కాడలను కోసి, మంచుగడ్డలలో నుంచి చల్లార్చిన రోటిలో, లీటరునకు 120 మొదలు 170 గ్రాములవరకు పంచదార గల చల్లని ద్రావణము పోసి నూరుదురు. ఆ ద్రావణములో పులుసును విరుచు లవణములు కలిపియుంతురు. వగరును పీల్చుకొనుటకై ఎద్దురక్తమునుండి తీసిన ఆల్బుమిను అను మాంసకృత్తును చేర్చుట తరువాత వచ్చిన మెలకువ. నూరుట క్షణములలో ముగియవలెను. ఆ పిమ్మట పలుచని మల్లుబట్టలో వడియగట్టుదురు. వడిసిన రసమును గిన్నెలలో పోసి త్రిప్పుయంత్రమున పెట్టుదురు. కవ్వము త్రిప్పిన వెన్న తేలును. ఈ యంత్రము త్రిప్పిన బరువైనది అడుగునకు దిగును. భూమ్యాకర్షణకు 1,000 రెట్ల బలముతో పది నిమిషములు త్రిప్పిన గోడముక్కలు, పిండి, కణకేంద్రములు దిగును. ఆ మడ్డిని పారవేసి, పైతేటను 10,000 మొదలు 12,000 రెట్ల బలముతో పావుగంట త్రిప్పిన, గిన్నె యడుగున లేత గోధుమవన్నె గల చిన్న పూత కనబడును. అదియే మైటోకాండ్రియా. దోసెడు మొలకలకు చిటికెడు పూత. మొదటినుండి తుదివరకు మంచుచలువ తప్పరాదు. చల్లదనము తప్పిన ఎంజైములే ఒకదానినొకటి జీర్ణించుకొనును.

పూత చేతికి వచ్చినది. అది బ్రతికియున్నదా? బ్రతికియున్న యెడల ఎంత పని చేయుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే భీమవరపు కొలత కావలసివచ్చినది.

సుబ్బారావుగారి చదువు సాఫీగ సాగినది కాదు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమారు గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో నుండగా గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. ఆ కారణమున శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గురియై పూర్తి పట్టమునకు బదులు తక్కువ తరగతి పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. సోదరులు సంగ్రహణివంటి స్ప్రూ వ్యాధితో కన్నుమూసిరి. మామగారు కూర్చిన ధనముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి యాదరువుతోను 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టగడచుటకై ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కొలువు చేసిరి. వైద్యపట్టము గలవాడు ఆ పనిచేయుట మనవారికి కష్టముగ తోచవచ్చును. ఆయన మాత్రము తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో మరణించువరకు మరల ఈ నేలపై అడుగిడలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే యనువాని క్రింద ఆయనకు అప్పగింపబడిన పని రక్తములోను మూత్రములోను గల ఫాస్ఫేటును కొలుచుట. అప్పటి పద్ధతులు నెమ్మదివి, తప్పులతో కూడినవి. వీరిరువురు 1925లో ప్రకటించిన పద్ధతి యిది: కొలువవలసిన ద్రవములో ఆమ్లముతోకూడ మాలిబ్డేటు అను లవణమును కలుపుదురు. ఫాస్ఫేటు ఎంత కలదో అంతమేరకు మాలిబ్డేటు దానితో ముడిపడును. పిమ్మట అమైనోనాఫ్తాల్ సల్ఫోనికామ్లమను మరియొక పదార్థమును చేర్చినంతనే, ముడిపడిన భాగము మాత్రమే నీలిరంగు దాల్చును. ఫాస్ఫేటు హెచ్చిన నీలి హెచ్చును, తగ్గిన తగ్గును. తెలిసిన మోతాదు గల మరియొక గొట్టముతో రంగును పోల్చి చూచిన లెక్క తేలును. నేనొక కళాశాల ప్రయోగశాలలో ఆ గొట్టములను వరుసగ నిలిపియుండగా చూచితిని. మొదటిది నీళ్లవలె, చివరిది చాకలివాని నీలిమందు కలిపిన తొట్టివలె నుండెను.

ఈ నీలిరంగే ఆయనను గొప్ప విషయమునకు నడిపించినది. కండరపు రసమును పరీక్షించుచుండగా రంగు తగినంత వేగముగ రాలేదు. నిమిషములు గడచిన కొలది మెల్లమెల్లగ ముదురుచుండెను. మరియొకడైనచో గొట్టము శుభ్రముగ లేదని పారబోసియుండును. వీరు అది ఫాస్ఫేటును తనలో పట్టియుంచుకొని ఆమ్లములో కొంచెము కొంచెముగ విడుచు పదార్థముండుటచేత నని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును వెలికిదీసిరి. అదే యేట ఇంగ్లండులో ఎగుల్టను దంపతులును వేరుదారిన దీనిజాడ పట్టిరి. 1929లో ఫిస్కే సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండరమునుండి వేరుచేసి ప్రకటించిరి. దానినే పొడి అక్షరములలో ఏ.టీ.పీ. యందురు. జీవకణములో శక్తి చెల్లుబాటగు నాణెము ఇదియే. పెసరమైటోకాండ్రియా ఫాస్ఫేటును బంధించి తయారుచేయునదియు దీనినే.

ఇచ్చట మనవారిలో వాడుకలోనున్న యొక మాటనుగూర్చి నా యభిప్రాయము చెప్పక తప్పదు. ఏ.టీ.పీ.ని సుబ్బారావుగారొక్కరే కనుగొనిరని సభలలో చెప్పుచుందురు. అది సరికాదు. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే 1929లో కొలదిమాసములు ముందుగనే దానిని ప్రకటించెను. ఇరువురును స్వతంత్రముగ కనుగొన్నవారే. మనవాని గొప్ప చెప్పుటకు పరాయివాని పేరు చెరిపివేయ నవసరము లేదు. అట్లు చెరుపుట ఎంతటి బాధయో సుబ్బారావుగారి జీవితమే చెప్పుచున్నది. అదే శాఖలో పనిచేసి, 1988లో నోబెలు బహుమానము పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుపరచిన కొన్ని పదార్థములు ఆ కాలమున వెలుగు చూడనీయబడనందున, అనేక సంవత్సరముల తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసి వచ్చినదని చెప్పియున్నారు. హార్వర్డులో ఆయనకు స్థిరమైన యాచార్యపదవి దొరకలేదు. 1940లో లెడర్లే యను మందుల కర్మాగారపు పరిశోధనాలయమున చేరిరి. ఎవరు కాదన్నను చెరగని పేరు ఒక్కటి మిగిలినది. ప్రపంచమందలి ప్రయోగశాలలలో ఆ నీలికొలతను ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యనియే వ్యవహరింతురు.

ఇక మన పెసరపూత యొద్దకు మరలుదము. మైటోకాండ్రియాలో ఏ.టీ.పీ.ని కట్టు ఎంజైమును తలక్రిందులుగను పనిచేయింపవచ్చును: పొర చెదరినప్పుడు అది ఏ.టీ.పీ.ని విరిచి ఫాస్ఫేటును వదలును. పూతలో కొంత తీసుకొని, తెలిసినంత ఏ.టీ.పీ.ని, మెగ్నీషియమును చేర్చి, 30 డిగ్రీల వేడిలో పది నిమిషములుంచి, గాఢమైన ఆమ్లము పోసి పని నిలిపివేయుదురు. తేటలో మాలిబ్డేటు చేర్చిన నీలి వచ్చును. ఎంత నీలి వచ్చెనో అంత ఎంజైము పనిచేసినట్లు. అయితే పూత ఎక్కువ వేసినవాని లెక్క ఎక్కువ, తక్కువ వేసినవాని లెక్క తక్కువ కాకుండుటకై, ఒక మిల్లీగ్రాము మాంసకృత్తునకు నిమిషమునకు ఇంత ఫాస్ఫేటు అని చెప్పుదురు. మాంసకృత్తును కొలుచుటకు 1951లో లౌరీ ప్రకటించిన పద్ధతియు నీలిరంగుదే. దానికి మూలమైన ద్రావకమును 1927లో తయారుచేసినవారు ఫోలిన్, సియోకాల్టూ. ఆ ఫోలినే హార్వర్డులో సుబ్బారావుగారు పనిచేసిన జీవరసాయనశాఖకు అధిపతి. భాగహారములో పైయంకెయు క్రిందియంకెయు ఒకే శాఖనుండి వచ్చినవన్నమాట!

మొక్కలయందు ఈ కొలత ఎలుకకాలేయమునందువలె నమ్మదగినది కాదు, ఇది మరువరాదు. మొక్కకణపు పులుసుతిత్తిలో ఫాస్ఫేటును ఊడదీయు ఇతర ఎంజైములు మెండు. పూతలో అవి కొంచెము కలిసియున్నను నీలిరంగు వచ్చును, అది దొంగలెక్క. అందుచేత ఒక గొట్టములో మైటోకాండ్రియా ఎంజైమును మాత్రము అడ్డగించు ఆలిగోమైసిను అను మందు వేయుదురు, రెండవదానిలో వేయరు. రెండింటికి గల తేడాయే నిజమైన లెక్క. మరియొక గొట్టములో పూతను మరిగించి వేయుదురు. మరిగిన ఎంజైము చచ్చును గనుక, అప్పటికిని వచ్చిన రంగు మందులలోని కల్తీదే. ఇన్ని సాక్ష్యములు పుచ్చుకొనిన గాని శాస్త్రజ్ఞుడు తీర్పు చెప్పడు. నేడు అంతకన్న సూక్ష్మమైన ఆకుపచ్చరంగు పద్ధతులు వచ్చినవి. ప్రాణవాయువు తరుగుటను క్షణక్షణము వ్రాయు విద్యుత్సాధనములును కలవు. అయినను ఫాస్ఫేటు కొలతకు పునాది 1925నాటి మాలిబ్డేటే.

మన రాష్ట్రములవారును ఈ త్రోవలో నడచిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్య ఏ. ఎస్. రాఘవేంద్ర, కె. పద్మశ్రీగారలు బఠానీయాకు కణములను తీసికొని, మైటోకాండ్రియా పనిని మందులతో అడ్డగించి చూచిరి. ఎండలో ఆకు ఆహారము తయారుచేయు పనికూడ అందుచేత కుంటుపడుటను 1999 ప్రాంతమున ప్రకటించిన వ్యాసములలో వారు చూపిరి. పగటివేళ ఆకునకు మైటోకాండ్రియాతో పనిలేదను పాతయూహకు ఇది గట్టిదెబ్బ.

కొలిచినప్పుడు అన్ని మైటోకాండ్రియాలును ఒకే తీరున లెక్కకు రావు. కొబ్బరితోటల నీడలో మనవారు వేయు కందనే చూడుడు. దుంప త్రవ్వక విడిచిన కొన్నియేండ్లకు కంద పూయును. కుళ్లిన మాంసపు కంపు కొట్టు ఆ పువ్వును ముట్టిన వెచ్చగ నుండును. ఇదే కుటుంబములోని యొక ఐరోపా మొక్కపువ్వు వేడెక్కుటను ఫ్రాన్సుదేశపు లమార్కు 1778లోనే వ్రాసెను. కారణము నూటయేబదియేండ్లకు పైగ తెలియలేదు. అట్టి పువ్వులనుండి తీసిన మైటోకాండ్రియాలో సాధారణమైన దహనపుమార్గమునకు ప్రక్కగ మరియొక అడ్డదారి కలదు. సయనైడు విషము సాధారణమార్గమును మూసినను ఈ దారి తెరచియే యుండును. దానిని నడపు ఎంజైమును 1987లో ఎల్తాన్, మెకింతోష్ అనువారు గుర్తించిరి. ఆ దారిన పోవు శక్తి ఏ.టీ.పీ.గ కట్టబడక వేడిమిగ వెలువడి, కంపును గాలిలో కలిపి ఈగలను పురుగులను పిలుచును. ఆ పూతను గొట్టములో వేసి కొలిచినచో ప్రాణవాయువు జోరుగ తరిగిపోవుచుండును. కట్టుబడిన ఫాస్ఫేటు మాత్రము అందుకు తగినంత యుండదు.